చేతిలో 200 గంటలు, జిల్లాలో రన్‌వే లేదు: జీతమొచ్చే మొదటి ఫ్లయింగ్ ఉద్యోగం దాకా

పైలట్ లైసెన్స్ వచ్చిందని ఫోన్ చేసి చెప్తే, చెరువు గట్టు మీద ఏరియేటర్ల చప్పుడు మధ్యలోంచి మా నాయన అడిగిన మొదటి మాట, "ఎప్పుడు చేరమన్నారు అబ్బయా?" అని. "ఇంకా ఎవరూ పిలవలేదు నాయనా" అన్నాను. ఆ తర్వాత పద్నాలుగు నెలలు అదే జవాబు చెప్పాను. అందులో మొదటి ఏడు నెలలు కావలి దగ్గర మా ఊళ్లో, ఇంట్లో కూర్చుని వెబ్‌సైట్లు చూస్తూ పోగొట్టుకున్నవి. మిగతా ఏడు నెలలు ఊళ్లు తిరిగి పని సంపాదించుకున్నవి. ఆ రెండింటికీ తేడా ఏంటో నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇప్పుడు నా స్థితిలో ఉన్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందు సంగతి ఉన్నదున్నట్టు చూద్దాం. 2020లో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చిన కమర్షియల్ పైలట్ లైసెన్సులు (సీపీఎల్) 578. 2023లో 1,622. అదే 2023లో ఎయిరిండియా ఫిబ్రవరిలో 470 విమానాలకి, ఇండిగో జూన్‌లో 500 విమానాలకి ఆర్డర్లిచ్చాయి. ఆ వార్తలు చూసి చాలా ఇళ్లలో పిల్లల్ని ఈ చదువులో చేర్చారు. కానీ ఆ విమానాలు ఒక్కసారిగా వచ్చేవి కావు, ఏళ్ల తరబడి కొన్ని కొన్నిగా వస్తాయి. లైసెన్సులు మాత్రం ఈ ఏడాదివి ఈ ఏడాదే చేతికొస్తాయి. పైగా కంపెనీలకి నిజంగా కరువున్నది కెప్టెన్లకి, ట్రైనర్లకి. లైసెన్స్‌కి కావాల్సిన 200 గంటలు మాత్రమే ఎగిరిన మనలాంటివాళ్లకి కాదు. కాబట్టి మొదటి ఉద్యోగానికి ఎదురుచూపు తప్పదు. ఆ ఎదురుచూపులో మీ కాగితాలు బతికున్నాయా, మీరు విమానాలకి దగ్గర్లో ఉన్నారా అన్న రెండు విషయాల మీదే మొత్తం ఆధారపడి ఉంటుంది. నేను రెండింటిలోనూ తప్పు చేశాను.

మొదటి పని: గడువులు రాసుకోండి, ఈరోజే

2023 అక్టోబరు నుంచి సీపీఎల్ గడువు ఐదేళ్ల నుంచి పదేళ్లకి పెరిగింది. 2025 ఫిబ్రవరి నుంచి ఎలక్ట్రానిక్ లైసెన్స్ ఫోన్లోనే కనిపిస్తుంది. అది చూసుకుని పదేళ్లు దిగుల్లేదనుకుంటే అక్కడే దెబ్బ తింటాం. లైసెన్స్ బతికున్నా దాంతో ఎగిరే హక్కు బతికుండాలని లేదు.

క్లాస్ 1 మెడికల్ నలభై ఏళ్లలోపు వాళ్లకి 12 నెలలే. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (ఐఆర్), అంటే బయట ఏమీ కనపడకపోయినా మీటర్లు చూసి ఎగిరే అర్హత, 12 నెలలే. ప్రయాణికుల్ని ఎక్కించుకోవాలంటే గడిచిన 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు ఉండాలి. నేను ఇంట్లో కూర్చున్న ఏడు నెలల్లో నా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ పోయింది. ఆ నెల్లోనే ఒక చార్టర్ కంపెనీ వాళ్లు ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న, "ఐఆర్ కరెంటేనా?" అని. కాదన్నాను. "సరే, చేయించుకున్నాక చెప్పండి" అని పెట్టేశారు. మళ్లీ ఆ ఫోన్ రాలేదు. మల్టీ ఇంజిన్ విమానం అద్దె, చెక్ ఖర్చు, రానుపోను అన్నీ కలిపి దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి మా ఇంట్లో ఒక పంట డబ్బులు పోయాయి.

అందుకని ఒక కాగితం మీద మూడు గడువులు రాసి, ఒక్కోదానికి రెండు నెలల ముందు తేదీని ఎర్ర ఇంకుతో పక్కన రాయండి. ఇంట్లో రోజూ కళ్లపడే చోట అంటించండి. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఉంది. అమ్మ ఇప్పటికీ "మెడికల్‌కి డేటు తీసుకున్నావా?" అని నాకంటే ముందు అడుగుతుంది. రెన్యూవల్ మెడికల్ చేసే డాక్టర్లు మనకి చెన్నై, హైదరాబాద్, బెంగళూరుల్లో ఉంటారు, అపాయింట్‌మెంట్‌కే వారాలు పడుతుంది. ఖాళీగా ఇంట్లో ఉన్నప్పుడు బరువు, బీపీ పెరగడం మామూలే. ఉద్యోగం లేని రోజుల్లో ఒంటిని చూసుకోవడం కూడా ఈ పనిలో భాగమే.

నెలకి ఒక్క గంటయినా ఎగరండి. గంటకి పదివేల పైమాటే, తెలుసు. ఆ డబ్బుతో ఆరు నెలలకి ఒకసారి ఆరు గంటలు ఎగరడం కన్నా, నెలనెలా ఒక గంట ఎగరడమే మేలు. చేయి మొద్దుబారదు, ఎగిరిన ప్రతి గంటా రాసుకునే లాగ్‌బుక్‌లో ఖాళీ కనపడదు.

రెండో పని: లాగ్‌బుక్‌ని వేరేవాళ్ల కళ్లతో చదవండి

నేను పని కోసం వెళ్లిన రెండో ఫ్లయింగ్ స్కూల్లో చీఫ్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్, అంటే సీఎఫ్ఐ గారు, నా రెజ్యూమె పక్కన పెట్టి లాగ్‌బుక్ అడిగారు. టేబుల్ సొరుగులోంచి ఒక చెక్క స్కేలు, పాత కాసియో కాలిక్యులేటర్ తీశారు. స్కేలు ఒక్కో వరుస కింద పెట్టుకుంటూ, నైట్ కాలమ్ మాత్రమే కూడుకుంటూ పోయారు. ఇరవై నిమిషాలు గదిలో కాలిక్యులేటర్ చప్పుడు తప్ప ఇంకేం లేదు. పద్నాలుగో పేజీ అడుగున ఆగి పుస్తకం నా వైపు తిప్పారు. 0.7 ఉండాల్సిన చోట 1.7 ఉంది. ఆ ఒక్క గంట అక్కణ్ణుంచి ప్రతి పేజీకీ మోసుకుంటూ వచ్చేసింది. "తప్పు కూడికా, కావాలని రాసిందా?" అని అడిగారు, కోపం లేకుండానే. నాకు చెమట పట్టింది. ఫ్లయింగ్ స్కూల్ ఆథరైజేషన్ బుక్ నకలు నా దగ్గరుంది కాబట్టి ఆ రోజు ఎంత ఎగిరానో చూపించగలిగాను. లేకపోతే ఏం చెప్పినా నమ్మేవాళ్లు కారు.

ఎందుకంత పట్టింపు అంటే, మన దేశంలో దీనికి ఒక చేదు చరిత్ర ఉంది. 2011లో నకిలీ మార్కుల షీట్లతో లైసెన్సులు తీసుకున్నవాళ్లు, ఎగరని గంటలు రాయించుకున్నవాళ్లు పట్టుబడ్డారు, అరెస్టులయ్యారు. గాల్లో కాకుండా పెన్నుతో ఎగిరిన గంటల్ని మనవాళ్లు 'పార్కర్ గంటలు' అంటారు. మీ పుస్తకం తెరిచిన ప్రతి ఒక్కరూ ముందు దానికోసమే వెతుకుతారు.

కాబట్టి ఇంట్లో ఉన్నప్పుడే ప్రతి కాలమ్ విడివిడిగా మొదటి పేజీ నుంచి కూడండి: మొత్తం, పీఐసీ (విమానం బాధ్యత మీదే అయినవి), డ్యూయల్ (ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరినవి), క్రాస్ కంట్రీ (వేరే ఊరికి వెళ్లినవి), నైట్, ఇన్‌స్ట్రుమెంట్. సీపీఎల్‌కి చూపించిన లెక్క, అంటే 200 మొత్తం, 100 పీఐసీ, 20 క్రాస్ కంట్రీ పీఐసీ, 300 నాటికల్ మైళ్ల ప్రయాణం, ఏ పేజీలో ఏ తేదీన ఉన్నాయో చిన్న చీటీలు అంటించి పెట్టుకోండి. తప్పు దొరికితే గీకేయకండి, వైట్‌నర్ వాడకండి. ఒక్క గీతతో కొట్టి, పక్కన సరైన అంకె వేసి, మీ స్కూల్ సీఎఫ్ఐ సంతకం తీసుకోండి. ఆ తర్వాత మొత్తం పుస్తకాన్ని పీడీఎఫ్ చేసి ఉంచండి. స్కూల్ మూతపడితే సంతకం పెట్టేవాళ్లు దొరకరు. ఆ అవస్థ పడ్డవాళ్లు నాకు తెలుసు.

రెజ్యూమె గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఒక్క పేజీ. పైన గంటలు, రేటింగులు, గడువు తేదీలు. 'కష్టపడే తత్వం' లాంటి మాటలు తీసేసి, ఆ చోట ఏ విమానాలు ఎన్ని గంటలు నడిపారో రాయండి.

మూడో పని: పని ఎక్కడుందో తెలుసుకోవడం

అందరి కళ్లూ ఎయిర్‌లైన్ మీదే ఉంటాయి కాబట్టి దాంతోనే మొదలుపెడతాను. పెద్ద కంపెనీలు కొత్తవాళ్లని ఎక్కువగా తమ కేడెట్ ప్రోగ్రాముల ద్వారా తీసుకుంటాయి. మనలా విడిగా సీపీఎల్ చేసినవాళ్లకి నోటిఫికేషన్ వచ్చినప్పుడే తలుపు తెరుచుకుంటుంది. రాతపరీక్ష, కంప్యూటర్ మీద ఆప్టిట్యూడ్, సైకోమెట్రిక్, సిమ్యులేటర్, ఇంటర్వ్యూ, ఇలా నడుస్తుంది. కొన్ని నోటిఫికేషన్లు టైప్ రేటింగ్, అంటే ఒక ఫలానా రకం విమానం నడిపే అర్హత, ఉన్నవాళ్లనే అడుగుతాయి.

ఇక్కడే ఇళ్లు గుల్లవుతాయి. ఎయిర్‌బస్ ఏ320 మీదో బోయింగ్ 737 మీదో టైప్ రేటింగ్ చేయాలంటే పదిహేను లక్షల పైమాటే. మా బాబాయి ఒకరోజు రాత్రి అన్నాల దగ్గర, "రోడ్డు పక్క ఎకరం అమ్మేద్దాం అన్నయ్యా, వాడి చదువు సగంలో ఆగకూడదు" అన్నాడు. నాయన మాట్లాడలేదు. మజ్జిగ పోస్తున్న అమ్మ చేయి ఆగిపోయింది. అప్పటికే సీపీఎల్ కోసం ఒక చెరువు లీజు వదులుకున్నాం, బ్యాంకు లోన్ మీద వడ్డీ నడుస్తోంది. వద్దని నేనే అన్నాను. ఇప్పటికీ నా అభిప్రాయం అదే: చేతిలో ఉద్యోగం ఆఫర్ లేకుండా సొంత డబ్బుతో టైప్ రేటింగ్ చేయొద్దు. ఎందుకంటే అది కూడా పాలలాంటిదే, పెట్టిన చోట విరిగిపోతుంది. ఆరు నెలలకోసారి సిమ్యులేటర్ చెక్ చేయకపోతే చెల్లదు. ఆ చెక్‌కి మళ్లీ లక్షలు. మీరు చేసిన విమానం మీద నోటిఫికేషన్ రాకపోతే ఆ ఎకరం పోయినట్టే. కంపెనీయే ఎంపిక చేసి, ఫలానా విమానం మీద చేయమని రాతపూర్వకంగా చెప్తే అప్పుడు ఆలోచించండి.

చిన్న విమానాల ప్రాంతీయ సర్వీసులు ఇంకో దారి. 2016లో మొదలైన ఉడాన్ పథకం వల్ల ఏటీఆర్‌లు, ట్విన్ ఆటర్లు, తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్లు చిన్న ఊళ్లకి తిరగడం మొదలైంది. ఒడిశాలో జేపూర్, ఉత్కెలా లాంటి చోట్లకి కారవాన్లతో సర్వీసులు మొదలుపెట్టారు. వీటికి దరఖాస్తు చేసేవాళ్లు తక్కువ, జెట్ మీద మోజువల్ల. నేను ఇప్పుడు కో పైలట్‌గా కుడి సీట్లో కూర్చునేది ఏటీఆర్‌లోనే. చార్టర్ కంపెనీలు కింగ్ ఎయిర్ లాంటి విమానాలకి కో పైలట్లని తీసుకుంటాయి, కానీ అక్కడ నోటిఫికేషన్ ఉండదు, తెలిసినవాళ్ల మాట మీద నడుస్తుంది. ఎన్నికలప్పుడు చార్టర్లకి గిరాకీ పెరుగుతుంది, అయితే నాయకుల్ని తిప్పే విమానాలకి చాలా ఎక్కువ గంటల అనుభవం కావాలి, మన వంతు రాదు. ఏరియల్ సర్వే పనులు, మేఘమథనం లాంటివి ఉన్నా కొద్దిమందికే.

మనవాళ్లు పట్టించుకోనిది కోస్ట్‌గార్డ్. కృష్ణపట్నంలో వాళ్ల స్టేషన్ మన కళ్ల ముందే ఉంది. చెన్నై నుంచి వాళ్ల డోర్నియర్లు మన తీరం పొడవునా గస్తీ తిరుగుతాయి. సీపీఎల్ ఉన్నవాళ్లకి షార్ట్ సర్వీస్ కింద అసిస్టెంట్ కమాండెంట్ ఎంట్రీ పలు నోటిఫికేషన్లలో ఇచ్చారు, అమ్మాయిలకి కూడా. వయసు పరిమితి తక్కువ కాబట్టి ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల వాళ్లు ముందే కన్నేసి ఉంచండి. యూనిఫాం, జీతం, సముద్రం మీద నిజమైన ఫ్లయింగ్. నాకు ఈ సంగతి తెలిసేటప్పటికి వయసు దాటిపోయింది.

వీటన్నిటికన్నా 200 గంటలవాళ్లకి నిజంగా అందుబాటులో ఉన్నది ఇన్‌స్ట్రక్టర్ పని. దాని గురించి వివరంగా చెప్తాను.

ముందు అసిస్టెంట్ ఫ్లయిట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ చేయాలి. సీనియర్ ఇన్‌స్ట్రక్టర్ పర్యవేక్షణలో పాఠం చెప్తారు. అనుభవం వచ్చాక పూర్తి ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్. చేరేముందే మీ పీఐసీ గంటలు రేటింగ్‌కి సరిపోతాయో లేదో ఆ స్కూల్ సీఎఫ్ఐకి లాగ్‌బుక్ చూపించి రాయించుకోండి. డబ్బు కట్టాక తక్కువ పడ్డాయంటే ఆ గంటలు కూడా మీ ఖర్చే. ట్రైనింగ్ ఎడమ సీటు నుంచి కుడి సీటుకి మారడంతో మొదలవుతుంది. రెండొందల గంటలు ఎడమ చేత్తో యోక్ (విమానం స్టీరింగ్), కుడి చేత్తో త్రాటిల్ పట్టినవాళ్లకి అది తిరగబడుతుంది. మొదటి పది ల్యాండింగులు నావి ఘోరంగా ఉన్నాయి. పదకొండోది కుదిరింది. అసలు కష్టం విమానం కాదు, నోరు. చేతులు చేస్తున్న పనిని అదే క్షణంలో మాటల్లో చెప్పగలగాలి.

ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం 'ఖాళీగా ఉండకుండా చేసేది' అని చాలామంది అనుకుంటారు. నేనొప్పుకోను. మీరు ఎగిరే ప్రతి గంటా వేరేవాళ్ల డబ్బుతో ఎగురుతారు, అది పీఐసీగా రాసుకుంటారు, పైన జీతం తీసుకుంటారు. ఎయిర్‌లైన్ కెప్టెన్ కావడానికి ఉండాల్సిన లైసెన్స్, ఏటీపీఎల్‌కి కావాల్సిన 1,500 గంటల వైపు రోజూ నడుస్తారు. విద్యార్థి చేసే తప్పుల్ని సరిదిద్దీ సరిదిద్దీ మీ చేయి గట్టిపడుతుంది. నా మొదటి జీతపు రోజు ఇంకా కళ్లకి కట్టినట్టుంది. తెల్లవారుజామున రెక్కల మీద మంచు నీళ్లు కారుతున్నాయి. విద్యార్థి ఇంధనం శాంపిల్ కప్పు తీసి, చూడకుండానే పారబోయబోయాడు. ఆపి, కప్పు వెలుగుకి ఎత్తి చూపించాను. లేత నీలం అవ్‌గ్యాస్ అడుగున రేగుగింజంత నీటి బొట్టు, రంగు లేకుండా దొర్లుతోంది. మూడుసార్లు తీసేదాకా బొట్టు వస్తూనే ఉంది. నాలుగోసారి శుభ్రంగా వచ్చింది. ఆ పిల్లవాడు ఆ తర్వాత ఒక్క రోజు కూడా కప్పు చూడకుండా పారబోయలేదు.

నాలుగో పని: ఊరు కదలండి

దగదర్తిలో విమానాశ్రయం వస్తుందని ఏళ్ల తరబడి వింటున్నాం. అద్దంకి దగ్గర కొరిశపాడు వద్ద హైవే మీదే అత్యవసర రన్‌వే కట్టారు, 2022 డిసెంబరులో వాయుసేన విమానాలు దాని మీద ట్రయల్ చేసినప్పుడు చూడ్డానికి ఊళ్లు ఊళ్లు కదిలాయి. కానీ మనకి పనిచ్చే రన్‌వే ఈ రెండు జిల్లాల్లో ఇంకా లేదు. కావలిలో కూర్చుని మెయిళ్లు పంపితే జవాబు రాదు. నేను డెబ్బైకి పైగా పంపాను, మూడింటికి జవాబు వచ్చింది, మూడూ 'చూస్తాం' అనే.

ఏడు నెలలయ్యాక బ్యాగు సర్దుకుని బయల్దేరాను. కొత్త ఫ్లయింగ్ స్కూళ్లకి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ 2022లో చోటు కేటాయించిన ఐదు విమానాశ్రయాల్లో కడప, సేలం, హుబ్బళ్లి మనకి దగ్గర. నెల్లూరు నుంచి బద్వేలు మీదుగా కడపకి బస్సు. సేలం వెళ్లాలంటే పినాకినిలో చెన్నై దిగి అక్కణ్ణుంచి ఇంకో రైలు. లాడ్జీ, టిఫిన్లు కలిపి నెల రోజుల తిరుగుడుకి అయిన ఖర్చు విమానం రెండు గంటలు అద్దెకి తీసుకున్నంత. దేశమంతా స్కూళ్ల జాబితా డీజీసీఏ వెబ్‌సైట్లో ఉంటుంది, దాన్ని మ్యాపు మీద పెట్టుకుని ఒక రూటు గీసుకోండి.

వెళ్లే వేళ ముఖ్యం. తెల్లారి ఐదు నుంచి పది దాకా ఫ్లయింగ్ జోరు మీద ఉంటుంది, అప్పుడు వెళ్తే ఎవరికీ మీ మొహం చూసే తీరిక ఉండదు. పదకొండు దాటాక ఎండకి గాలి ఎగుడుదిగుడై విమానాలు దిగిపోతాయి, సీఎఫ్ఐ టీ తాగుతూ కూర్చుంటారు. అప్పుడు వెళ్లండి. విమానాశ్రయం లోపలికి పాస్ లేకుండా పోనివ్వరు కాబట్టి ముందురోజే ఆఫీసుకి ఫోన్ చేసి, ఫలానా టైముకి లాగ్‌బుక్‌తో వస్తానని చెప్పండి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, లాగ్‌బుక్, లైసెన్స్, మెడికల్ జిరాక్స్ రెండు సెట్లు. మాట కూడా సూటిగా: "సార్, 212 గంటలు ఉన్నాయి, ఐఆర్ కరెంట్, గ్రౌండ్ క్లాసులైనా చెప్తాను, ఇక్కడే గది తీసుకుని ఉంటాను." ఇందులో చివరి మాటే పనిచేస్తుంది. ఊరు వదిలి వచ్చి ఉంటానన్నవాళ్లని జనం నమ్ముతారు.

ఆ స్కేలు సీఎఫ్ఐ గారే చివరికి నాకు పనిచ్చారు. ముందు "వెయిట్ అండ్ బాలెన్స్ వచ్చా?" అని మార్కర్ చేతికిచ్చి బోర్డు చూపించారు. మా ఊరి కావడి కథతో మొదలుపెట్టాను. రెండు వైపులా బిందెలు, ఒకవైపు నీళ్లు తగ్గితే భుజం మీద కర్ర ఎక్కడికి జరుపుకుంటాం అని. వెనక కూర్చున్న పిల్లలు తలెత్తారు. మర్నాటి నుంచి గ్రౌండ్ క్లాసులు, నెలకి 22 వేలు. నాలుగు నెలలకి ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్‌కి వాళ్లే తగ్గింపు ధరలో కూర్చోబెట్టారు. ఏ వెబ్‌సైట్లోనూ ఆ ఉద్యోగం ప్రకటన లేదు.

మధ్యవర్తుల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. ఇంట్లో కూర్చున్న ఆ ఏడు నెలల్లోనే ఒక కన్సల్టెన్సీ వాళ్లు 'లోపల మనిషి ఉన్నాడు' అని చెప్పి ప్రాసెసింగ్ కింద నలభై వేలు తీసుకున్నారు. ఇంటర్వ్యూ కాల్ లెటర్ అని మెయిల్ వచ్చింది. అడ్రస్ చూస్తే కంపెనీ పేరు చివర మామూలు ఉచిత మెయిల్. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. మా అమ్మ పుస్తెలతాడు కుదువ పెట్టి తెచ్చిన డబ్బు అది. ఏ ఎయిర్‌లైనూ ఇంటర్వ్యూకి పిలవడానికి మధ్యవర్తి చేత డబ్బు వసూలు చేయించదు. కంపెనీ సొంత కెరీర్స్ పేజీలో లేని నోటిఫికేషన్ లేనట్టే.

ఐదో పని: మన వాతావరణాన్నే పాఠంగా చదువుకోవడం

ఇంటర్వ్యూకి పుస్తకాలు తిరగేయడం అందరూ చేస్తారు. నాకు ఎక్కువ ఉపయోగపడ్డది రోజూ పొద్దున చెన్నై, తిరుపతి, విజయవాడ విమానాశ్రయాల వాతావరణ రిపోర్టులు, అంటే మెటార్‌లు, చదివి, మిద్దెక్కి ఆకాశం చూడడం. వాటి కోడ్‌లు వరసగా వీఓఎంఎం, వీఓటీపీ, వీఓబీజెడ్. అక్కడ రాసిన మేఘం ఇక్కడ ఎలా ఉంది, గాలి సముద్రం మీంచి ఎన్ని గంటలకి తిరిగింది, రాసుకునేవాణ్ణి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరమంత మంచి మెటియరాలజీ క్లాసు ఇంకోటి లేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజున ఆ మూడు స్టేషన్ల మెటార్లు వరసగా చదివితే ఒత్తిడి పడిపోవడం, గాలి దిక్కు మారడం, చూపు మేర తగ్గడం పుస్తకంలో బొమ్మలా కాకుండా కదులుతూ కనపడతాయి.

ఇంటర్వ్యూలో నన్నడిగిన ఒక ప్రశ్న: "మీది ఏ ఊరు? మే నెలలో అక్కడ రన్‌వే ఉంటే సెస్నా 172 ఎలా ఎగురుతుంది?" మన దగ్గర ఎండాకాలం 42 డిగ్రీలు మామూలే. సముద్ర మట్టం దగ్గర స్టాండర్డ్ 15 డిగ్రీలు. తేడా 27. డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున 3,240 అడుగులు. అంటే వేడికి గాలి పల్చబడి, మన ఊరి నేల మీదే ఉన్నా విమానానికి మూడువేల అడుగుల పైన ఉన్నట్టే. పరుగు పొడవవుతుంది, ఎక్కడం మందగిస్తుంది. లెక్క చెప్పి, "అందుకే సార్, ఫుల్ ట్యాంకులతో ఇద్దరు పెద్దవాళ్లని మధ్యాహ్నం ఎక్కించను" అన్నాను. లెక్కకన్నా ఆ రెండో వాక్యానికే ఆయన తలూపారు.

సిమ్యులేటర్ చెక్‌కి ముందు రెండు మూడు గంటలు సిమ్ అద్దెకి తీసుకోండి, హైదరాబాద్, బెంగళూరుల్లో దొరుకుతాయి. ఆటోపైలట్ లేకుండా ఎత్తు, దిశ, వేగం నిలపడం మీదే వాళ్ల దృష్టి. ఇంకో చిన్న సంగతి: విమానం ఎక్కడానికి 12 గంటల ముందు నుంచి మద్యం నిషేధం, ఊదించే పరీక్షలో సున్నా రావాల్సిందే. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ కూడా నిషేధమే. సామాన్లలోంచి అది తీసేయండి.

విదేశాలు, డ్రోన్లు

అమెరికాలో ట్రైనింగ్ అయినవాళ్లు అక్కడే బ్యానర్ టోయింగ్, స్కైడైవింగ్ విమానాలు నడుపుతామనుకుంటారు. ఉద్యోగం చేసే హక్కు లేకుండా అవేవీ కుదరవు, స్టూడెంట్ వీసా మీద దొరికేది చాలా పరిమితం. ఇక్కడికొస్తే ఎయిర్ రెగ్యులేషన్స్, కాంపోజిట్ పేపర్లు రాసి లైసెన్స్ మార్పించుకోవాలి. రాగానే ఆ పని పూర్తిచేయండి, వాయిదా వేసేకొద్దీ అక్కడి ఫ్లయింగ్ పాతబడుతుంది. ఆఫ్రికాలో బోట్స్వానాలోని మౌన్ ఊరికి ప్రపంచం నలుమూలల నుంచి తక్కువ గంటల పైలట్లు వచ్చి, సఫారీ కంపెనీల తలుపులు తట్టి సెస్నా 206ల మీద పని సంపాదించుకుంటారు. అక్కడా వర్క్ పర్మిట్ కావాలి, నెలల తరబడి సొంత ఖర్చుతో కాచుకోవాలి. ఇంటి మీద లోన్ ఉన్నవాళ్లని ఆ దారి పట్టమని నేను చెప్పలేను.

డ్రోన్ల సంగతి వేరు. వరి, మిరప, పొగాకు మీద మందు కొట్టడానికి మన జిల్లాల్లో డ్రోన్లకి పని ఉంది. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కొద్ది రోజుల ట్రైనింగ్‌తో వస్తుంది, పదేళ్లు చెల్లుతుంది. ఆ గంటలు లాగ్‌బుక్‌లోకి రావు. కానీ సీజన్‌లో వచ్చే డబ్బు మీ మెడికల్‌కి, ఐఆర్‌కి, నెలకి ఒక గంట ఫ్లయింగ్‌కి సరిపోతుంది. కందుకూరు వైపు ఒక చెల్లెలు ఇలాగే రెండు సీజన్లు మిరప తోటల్లో డ్రోన్ తిప్పి, ఆ డబ్బుతోనే తన రేటింగు బతికించుకుంది.

ఆఫర్ వచ్చాక

ఆఫర్ లెటర్‌తో పాటు బాండ్ వస్తుంది. ఇన్నేళ్లు చేయాలి, మధ్యలో వెళ్తే ఇంత కట్టాలి అని. సంతోషంలో చదవకుండా సంతకం పెట్టేస్తాం. మూడు చూడండి: ఎన్నేళ్లు, కట్టాల్సిన మొత్తం ఏటేటా తగ్గుతుందా లేదా, మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర పెట్టుకుంటామంటున్నారా. జీతం నెలకి ఇంతా, ఎగిరిన గంటకి ఇంతా, రెండూనా అన్నది కూడా అడిగి రాయించుకోండి. వానాకాలంలో ఫ్లయింగ్ ఆగిపోయిన నెలల్లో గంట లెక్క జీతం దాదాపు ఉండదు.

నా ఇన్‌స్ట్రక్టర్ ఆఫర్ బాండ్‌ని నాయన కావలి కోర్టు దగ్గరున్న వకీలు గారి దగ్గరికి తీసుకెళ్లమన్నారు. ఆయన కళ్లజోడు సర్దుకుని ఆరు పేజీలూ చదివి, నాలుగో పేజీలో ఒక్క వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీశారు. సంస్థ తనంతట తానే తీసేసినా నేనే డబ్బు కట్టాలని ఉంది అందులో. "దీన్ని అడుగు, మిగతావి పర్లేదు" అన్నారు. మర్నాడు భయపడుతూనే ఫోన్ చేసి అడిగాను. అవతల కాసేపు నిశ్శబ్దం. "అది పాత ఫార్మాట్‌లోంచి వచ్చేసింది, తీసేసి పంపుతాం" అన్నారు. సాయంత్రానికి కొత్త కాపీ మెయిల్లో వచ్చింది. చెరువు దగ్గరికెళ్లి ఫోన్లో చూపిస్తే, నాయన తడిచేతులు లుంగీకి తుడుచుకుని, తేదీ ఉన్న చోట వేలు పెట్టి గట్టిగా చదివారు.

"పదకొండో తారీకు చేరమన్నారు."